ఎడమ పక్క చూపు

తెర మీద పదడుగుల గోద కన్నీళ్ళతో చూస్తోంది. తెర ముందు, స్టేజీ కుడి పక్కన, మోహన్‌కృష్ణ మోకాళ్ళ మీద కూలబడి ప్రేమ కోసం ప్రాణం పెట్టి ఆడుతున్నాడు. చిక్కల్లా ఒక్కటే. గోద అతన్ని చూడటం లేదు. ఖాళీగా ఉన్న ఎడమ పక్కకు చూస్తోంది. అదీ మామూలుగా కాదు, రాయికైనా గుండె కరిగిపోయేలా.

కల్యాణవల్లి తాళం వేస్తున్న కర్ర ఆపేసింది. ప్రేమికుల కష్టాల మీద ఈ నృత్య నాటకం ఆమెది. గోద ఆమె కూతురు; నాటకంలో ప్రియురాలిగా ఫిలింలోనే కనిపిస్తుంది. తిరుపతిలో షో రేపే, ఇది ఆఖరి రిహార్సల్.

"గుణశేఖర్! ఫిలిం తీసింది నువ్వే కదా. ఈ పిల్ల ఎవుర్ని చూస్తా ఉండాది?"

ల్యాప్‌టాప్ వెనక గుణశేఖర్‌కు చెమటలు పట్టాయి. కార్వేటినగరం పాత గోడల దగ్గర మూడు రోజుల షూటింగ్‌లో కెమెరాకు ఎడమ పక్కన నిలబడింది తనే. ఎడిటింగ్ చేస్తున్న వారమంతా ఆ చూపు తన కోసమే అనిపించింది. చిత్తూరులో పెళ్ళి వీడియోలు తీసుకునేవాడికి ఇంత ఆశ తగదని తనను తానే తిట్టుకున్నాడు.

"టెక్నికల్ మిస్టేక్ మేడం. తప్పు నాదే. మళ్ళా తీస్తాను" అన్నాడు. తల్లి కోపం నుంచి గోదను కాపాడుతున్నానని అతని ఉద్దేశం.

పక్కన నవ్వాపుకుంటున్న గోద ముఖం మాడిపోయింది. "మిస్టేకా?"

అక్కడే కెమెరా పెట్టారు. దాని పక్కన ఈసారి మోహన్‌కృష్ణను నిలబెట్టారు. గోద అతన్ని పుత్తూరు పోవాల్సినామె నాయుడుపేట బస్సును చూసినట్టు చూసింది.

"అక్కా, నేను నీ ప్రియుణ్ణి. కొంచెం దయ సూపు" అని మోహన్‌కృష్ణ బతిమాలాడు. ఆరు టేకులయ్యాయి.

"ముందరి చూపు యాడికి పోయిందే?" అంది తల్లి.

"అది టెక్నికల్ మిస్టేక్ అంట కదమ్మా. ఇంక ఎప్పుడూ రాదు."

ఆ మాట గుణశేఖర్‌కు సూటిగా తగిలింది. ఇప్పుడు నోరు మూసుకుంటే గోద తనకు లేనట్టే. కెమెరా ఆపేశాడు.

"మిస్టేక్ లేదు మేడం. గోద నన్నే సూసింది. నేనూ అట్నే సూస్తా ఉన్నాను. కెమెరా నా పక్కకు తిరిగి లేదు గాబట్టి ఎవురికీ కనపడలేదు. గోదంటే నాకు ప్రాణం."

గోద కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ఈ ఒక్క ముక్కకు ఆరు టేకులు కావాల్సొచ్చినాయా సార్‌కి?"

కల్యాణవల్లి కూతుర్ని చూసింది, అతన్నీ చూసింది.

"మోహన్‌కృష్ణా, నువ్వే ఎడమ పక్కకొచ్చి ఆడు. ఫిలిం మార్చేది లేదు" అని గుణశేఖర్ వైపు తిరిగింది. "నువ్వు ఆదివారం మీ అమ్మానాయనల్ని పిల్చుకోని మా ఇంటికి రా."

"అంటే... ఒప్పుకున్నట్టేనా మేడం?"

"తొందరపడొద్దప్పా. అది మూడు రోజులు చూసింది. మేము ఒక్క పూటన్నా చూడొద్దా?"