పాయింటు తర్వాత అంకె

తాబిష్ హెల్మెట్ పట్టీని గడ్డం కింద బిగించుకుని గనిలోకి దిగాడు. నాలుగు నిమిషాల్లో కుప్పకూలాడు. గోదావరిఖనిలో అందరికీ అతను గనిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే ల్యాంపు రూం ఉద్యోగి. ఢిల్లీలో ఒకే ఒక్క ఫైలులో మాత్రం సీక్రెట్ ఏజెంట్.

మూడో రోజు ఉదయం అతని తమ్ముడికి చీఫ్ నుంచి ఫోన్ వచ్చింది.

"ఏజెంట్ ఖైజర్, రిపోర్టు వచ్చింది. హార్ట్ అటాక్. హెల్మెట్ పట్టీ మీద దొరికిన పదార్థం అణువు బరువు 267. మీ అన్న రోజూ మింగే గుండె మాత్రదీ అదే బరువు. చెమటలో బయటికొచ్చింది. కేసు క్లోజ్."

"రిపోర్టు ఎవరిచ్చారు సార్?"

"డాక్టర్ సారిక. మన ల్యాబ్‌లో ఆమెను మించినవాళ్లు లేరు."

ఖైజర్ పళ్లు నూరాడు. అన్నను ఖబరస్తాన్‌లో దించిన చేతులకు ఇంకా ఆ మట్టి తడి ఆరనట్టే ఉంది. తాబిష్ వెంటాడిన విదేశీ ముఠా టార్గెట్, కేంద్రం నుంచి వస్తున్న ఇంధన సలహాదారు. ఆయన ఈరోజే, పదకొండు గంటలకు, అదే గనిలోకి దిగుతున్నాడు.

"టూర్ ఆపండి సార్."

"ప్రూఫ్ తెస్తే ఆపుతా."

ల్యాబ్‌కు పంపేముందే ఖైజర్ గ్లవ్స్ వేసుకుని ఆ పట్టీలో సగం కోసి గాజు సీసాలో సీలు చేశాడు. ఎవరినీ పూర్తిగా నమ్మొద్దని నేర్పింది తాబిషే. ఆ సీసా పట్టుకుని జాన్ ప్రసాద్ ఇంటికి బండి దూకించాడు. ఆయన రిటైరైన బొగ్గు కెమిస్టు. వెనక గదిలో సొంత ల్యాబ్, అందులో ఎక్కడో వేలంలో కొన్న, అణువుల బరువు తూచే పాత మాస్ స్పెక్ట్రోమీటర్.

"ఏంది కాకా, గీ డబ్బాతోని ఐతదా?"

"లో రిజల్యూషన్ బిడ్డా. పాయింటు తర్వాత అంకె అడిగితె తప్పు చెప్తది. గాని గా తప్పు ఎప్పటికీ ఒక్క తీరుగనే చెప్తది."

"అయితే?"

"కాటా తప్పు చూపెడితె ఏం జేస్తం? బరువు తెలిసిన రాయిని తూస్తం. ఎంత ఎక్కువ చూపెట్టిందో గంత తీసేస్తం."

రాయికి బదులు జాన్ ప్రసాద్ గుండె మాత్రే పెట్టాడు. దాని అసలు బరువు 267.183 అని పుస్తకంలో ఉంది. చేతులకు గ్లవ్స్ వేసుకుని మాత్ర ఒకసారి, పట్టీ ఒకసారి, మార్చి మార్చి పదేసి సార్లు నడిపాడు. మిషన్ తెర మీద మాత్ర గీసిన వంపు ఆకారాన్నిబట్టి పట్టీ వంపును సరిదిద్దాడు. మాత్రకు మిషన్ 267.353 చూపింది. అంటే 0.170 ఎక్కువ. పట్టీకి 267.312 చూపింది. ఆ ఎక్కువ తీసేస్తే 267.142.

"ఇది మాత్ర కాదు బిడ్డా." జాన్ ప్రసాద్ లావు పుస్తకంలో ఒక పేజీ మీద వేలు పెట్టాడు. "నరాల విషం. చర్మానికి తగిలితె చాలు."

"సారికకు తెల్వకుంట ఉంటదా?"

"వాళ్ల మిషన్ కోట్లది. పాయింటు తర్వాత నాలుగంకెలు చూపిస్తది. 267 కాడ ఆపిందంటె, ఆపాలనే ఆపింది."

ఖైజర్ కళ్లలో నిప్పులు లేచాయి. ఏడవడానికి కూడా తీరిక లేని కోపం అది. చీఫ్‌కు ఫోన్ చేశాడు.

"సారిక డబుల్ ఏజెంట్, సార్. ఇప్పుడెక్కడుంది?"

"ల్యాంపు రూంలో. సలహాదారు రక్షణకు నేనే పంపాను. టూర్ ఆపితే ముఠా జారిపోతుంది. ఆయన్ని కాపాడు, పేర్లు రాబట్టు. ఆపరేషన్ పేరు: ల్యాంపు ఆర్పు."

పది యాభై ఎనిమిది. ల్యాంపు రూంలో పట్టుచీర, నల్లకళ్లద్దాలు, తెల్లటి గ్లవ్స్‌తో సారిక మెరిసిపోతోంది. నవ్వుతూ తెల్ల హెల్మెట్ అందించింది. సలహాదారు చేయి చాచాడు. ఆ వేళ్లకు అందేలోపే నీలం యూనిఫాం వేసుకున్న ఫిట్టర్ ఒకడు మధ్యలో దూరి దాన్ని లాక్కున్నాడు.

"రూల్ ఉన్నది మేడం. ముందుగాల సేఫ్టీవాళ్లు పెట్టుకోవాలె."

హెల్మెట్ ఆమె నెత్తిన పడింది. గడ్డం కింద పట్టీ టక్కుమంది. ఫిట్టర్ అంటించుకున్న మీసం పీకి పారేశాడు. ఖైజర్!

సారిక కెవ్వుమంది. "ఇంజెక్షన్! నా బ్యాగులో ఉంది, ఇవ్వు!"

బ్యాగులోంచి సిరంజి తీసి ఖైజర్ వెలుతురుకు ఎత్తి చూశాడు. "విరుగుడా? గుండె మాత్రకు విరుగుడెందుకు మేడం?"

"ప్లీజ్, టైం లేదు!"

"మా భాయ్‌కి నాలుగు నిమిషాలు దొరికినయి. మీకూ గంతే. పేర్లు చెప్పుండ్రి."

ఆమె మోకాళ్ల మీద పడింది. రామగుండం గెస్ట్ హౌస్‌లో దాక్కున్న ఇద్దరి పేర్లు, రూం నంబర్‌తో సహా గడగడా చెప్పింది. అతని చొక్కా గుండీలోని మైకు ప్రతి మాటనూ చీఫ్‌కు చేరవేసింది.

"తాబిష్‌ను చంపిందెవరు?"

"నేనే! పట్టీకి నేనే పూశాను! ఇంజెక్షన్ ఇవ్వు!"

ఖైజర్ సిరంజి ఇవ్వలేదు. గడియారం చూస్తూ నిలబడ్డాడు. ఆమె వణుకుతున్న ప్రతి క్షణం అతనికి చల్లగా తగిలింది, దాచుకోవడం దేనికి? నాలుగు నిమిషాలు దాటాయి. ఐదు. సారిక ఇంకా బతికే ఉంది. తన గొంతు తానే తడుముకుని అయోమయంగా తలెత్తింది.

"మీరు సారుకు పూలగుత్తి ఇస్తున్నప్పుడే మార్చిన మేడం. మీ టోపీ డబ్బాల సీలైంది. గిది నా టోపీ, చెమట తప్ప ఏం లేదు." ఖైజర్ ఆమె చేతులకు బేడీలు వేశాడు. "నమ్మకం లేకుంటె మీరే టెస్టు చేసి రిపోర్టు రాయుండ్రి. 267 అని."