కూలర్ కింద పొర

"కొనకండి," అంది ఆ అమ్మాయి, డబ్బా అతని చేతికి అందిస్తూనే.

కౌంటర్ వెనక కూర్చున్న ఆమె తండ్రికి పొలమారింది. మంచినీళ్ల గ్లాసు కింద పెట్టి, "అమ్మాయ్, మనం అమ్మేవాళ్లం," అని గుర్తు చేశాడు.

"అమ్మేవాళ్లమే నాన్నా, అంటగట్టేవాళ్లం కాదుగా!" అని ఆమె మళ్లీ అతని వైపు తిరిగింది. "మీ దగ్గరున్న పాత ప్రాసెసర్‌కీ దీనికీ పెద్ద తేడా లేదు. వేడెక్కడంలో మాత్రం ఇదే ముందుంది. డబ్బా బాగుంది. ముచ్చట పడితే డబ్బా ఒక్కటే పట్టుకెళ్లండి."

"తిట్టాలన్నా ముందు కొనాలి కదండీ," అన్నాడతను.

అదీ నిజమే. తిట్టడమే అతని వృత్తి. కంప్యూటర్ విడిభాగాలు తెచ్చి, పరీక్షించి, వీడియోలో పెదవి విరిస్తే వేలమంది చూస్తారు. ఏదీ ఓ పట్టాన నచ్చదు కాబట్టి చూసేవాళ్లు ముద్దుగా నసబాబు అని పేరు పెట్టారు. ఆమెకూ మార్కెట్లో ఒక పేరుంది, డాక్టరమ్మ అని. చచ్చిందనుకున్న కంప్యూటర్ కూడా ఆమె చెయ్యి పడితే లేచి కూర్చుంటుంది. "మా అమ్మాయి చేతిలో తప్పు జరగదు" అని వాళ్ల నాన్న ఏకంగా షాపు బోర్డు మీదే రాయించాడు. చుట్టూ అన్ని షాపులున్నా జనం వెతుక్కుంటూ వచ్చేది ఆ ఒక్క మాట చూసే.

ఆ ఉదయం విడుదలైన ప్రాసెసర్ కోసం కంప్యూటర్ పిచ్చోళ్లంతా ఏడాదిగా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూశారు. సొంత అక్క పెళ్లికి సెలవు దొరకలేదన్న కుర్రాళ్లు సైతం దీనికోసం ఆఫీసుకు జ్వరమని చెప్పి వచ్చారు.

"ఈ కొత్త కూలర్ కూడా పెట్టి, మీరే బిగించి ఇస్తారా?" అని అడిగాడు నసబాబు.

ప్రాసెసర్ చల్లబడేందుకు దాని మీద కూలర్ బిగించడం అతనికి కళ్లు మూసుకుని చేసే పని. అయినా ఎప్పుడూ ఆమెకే ఇస్తాడు. ఎందుకంటే ఆమె బిగించినంతసేపూ ఎదురుగా నిలబడవచ్చు. నిలబడి ఏం చెప్పాలో ఇంటి దగ్గర అద్దం ముందు బాగానే సాధన చేస్తాడు. తీరా ఇక్కడికొచ్చాక నోట్లోంచి ప్రాసెసర్ తప్ప ఇంకోమాట రాదు.

ఆ రోజూ అదే జరిగింది. బయట వాన మొదలైంది. అతను కోర్ల గురించి, వోల్టేజీ గురించి, కంపెనీ చెప్పిన గొప్పల గురించి ఊపిరి తీసుకోకుండా మాట్లాడాడు. ఆమె మధ్యమధ్యలో తలెత్తి చూసింది. వాన తగ్గిందేమోనని చూస్తోంది కాబోలు అనుకున్నాడు. వీధి ఆమె వీపు వెనక ఉందన్న సంగతి ఆ మేధావికి తట్టలేదు.

ఇంటికెళ్లి పరీక్ష మొదలుపెట్టాడు. ప్రాసెసర్ క్షణాల్లో సలసల కాగిపోయింది. కాగి, ఎండన పడి నడిచిన ముసలాయనలా ఎక్కడికక్కడ ఆగిపోయింది. నసబాబు ఆనందానికి హద్దుల్లేవు. "ప్రాసెసరా, పొయ్యా?" అని పేరు పెట్టి వీడియో వదిలాడు.

జనం విరుచుకుపడ్డారు.

"కొండను తవ్వి ఎలుకను పట్టారు," అని ఒకడు. "అదీ పాత ఎలుకే, కొత్త చొక్కా తొడిగారు," అని ఇంకొకడు. "చలికాలం వస్తోంది, మంచానికి అటొకటి ఇటొకటి పెట్టుకుంటా," అని మరొకడు. ముందే బుక్ చేసుకున్న పెద్దమనిషొకడు మాత్రం, "మీకు వాడటం చేతకాక ఏడుస్తున్నారు, నాది బంగారం," అని పొద్దున రాసి, సాయంత్రం అదే చోట "అమ్మకానికి ఉంది, ఒక్కసారే వాడినది" అని ప్రకటన పెట్టాడు.

అమ్మ ఫోన్ చేసింది. "వీడియో చూశాన్రా, లైక్ కొట్టాను. ఆ పొయ్యి మన వంటింట్లోకి పనికొస్తుందా?"

"అది పొయ్యి కాదమ్మా."

"నువ్వేగా అన్నావు!"

అంతా బాగానే ఉంది గానీ, మిగతావాళ్ల పరీక్షలు చూస్తే అతనికి ఎక్కడో తేడా కొట్టింది. వాళ్ల దగ్గరా ఆ ప్రాసెసర్ బాగాలేదు. కాకపోతే ఇంత ఘోరంగా లేదు. ఎవరిదీ ఇలా కాగిపోలేదు. అనుమానం వచ్చి కూలర్ విప్పి చూశాడు.

కూలర్ అడుగున సన్నటి ప్లాస్టిక్ పొర అలాగే ఉంది. దాని మీద ఎర్ర అక్షరాలతో "బిగించే ముందు తీసేయండి" అని రాసి ఉంది.

రాగి అడుగుకు గీతలు పడకుండా ఫ్యాక్టరీలో అంటించే పొర అది. తీయకుండా బిగిస్తే వేడి కూలర్‌లోకి ఎక్కదు. ఈ పిచ్చోళ్ల లోకంలో ఇంతకు మించిన పరువు తక్కువ పని లేదు. పరీక్ష తప్పినా క్షమిస్తారు, పెళ్లి తప్పినా ఓదారుస్తారు, పొర తీయనివాణ్ణి మాత్రం జన్మలో వదిలిపెట్టరు.

బిగించింది ఆమె.

అతను కుర్చీలో కూలబడ్డాడు. నోరు మూసుకుంటే వేలమందికి అబద్ధం చెప్పినవాడవుతాడు. ప్రాసెసర్ పనికిమాలినదే, కానీ దానికి లేని రోగం అంటగట్టడం న్యాయం కాదు. నిజం చెబితే ఆ షాపు బోర్డు ముందు నిలబడి ఊరంతా నవ్వుతుంది. ఆమె తలవంచుకుని లోపలికి వెళ్లిపోవడం కళ్లముందు కనిపించింది. ఆ ఒక్కటీ అతను చూడలేడు.

కెమెరా పెట్టాడు. "తప్పు నాదే. కూలర్ నేనే బిగించాను. పొర తీయడం మరిచిపోయాను," అన్నాడు.

గంట తిరక్కుండా నసబాబు పోయి పొరబాబు అయ్యాడు. "వీడు అరటిపండు తొక్కతో తింటాడేమో అడగండి," అని ఒకడు రాస్తే, దానికి వచ్చినన్ని లైకులు అతని జన్మలో ఏ వీడియోకీ రాలేదు.

మర్నాడు షాపులో ఆమె తండ్రి ఆ వీడియో పెట్టుకుని మురిసిపోతున్నాడు. వచ్చిన ప్రతివాడికీ చూపిస్తున్నాడు. "చూశారా! ఎంత మొనగాడైనా సొంతంగా బిగిస్తే ఇదే గతి. అందుకే మా అమ్మాయికి ఇవ్వమనేది!"

ఆమె స్క్రూడ్రైవర్ కింద పెట్టింది. "నాన్నా, అది బిగించింది నేనే."

ఆయన వీడియో ఆపేశాడు. "మెల్లగా అనవే తల్లీ, కస్టమర్లున్నారు."

"ఆయన నా తప్పు నెత్తినేసుకుని ఊరందరి చేతా తిట్లు తింటున్నాడు."

"ఆ అబ్బాయి తిట్టి తిట్టి రాటుదేలాడు. తిట్లు తినడం ఒక లెక్కా? మన బోర్డు సంగతి ఆలోచించు."

ఆమె ఆలోచించింది. ఆలోచించి అతనికి ఫోన్ చేసింది. "ఆ కంప్యూటరూ, మీ కెమెరా పట్టుకుని వెంటనే షాపుకి రండి."

"ఎందుకండీ?"

"తిట్టడానికి. తిట్టాలన్నా ముందు మీరు ఎదురుగా ఉండాలి కదా!"

అతను వచ్చేసరికి బల్ల ఖాళీ చేసి ఉంచింది. లైవ్ పెట్టమంది. పెట్టాడు. పొరబాబును చూడ్డానికి జనం లైవ్‌లోకి తోసుకుంటూ వచ్చారు. ఆమె పొర తీసిన కూలర్‌ను కెమెరాకు చూపించి, తన చేత్తోనే బిగించి, పరీక్ష నడిపింది. వేడి దిగింది. వేగం మాత్రం పాత ప్రాసెసర్‌కు ఇంచుమించు సమానంగా వచ్చి అక్కడే చతికిలపడింది.

"ప్రాసెసర్ విషయం తేలిపోయింది. వేడిగా ఉన్నా దండగే, చల్లగా ఉన్నా దండగే," అందామె. "ఇంకో విషయం తేలాలి. మొదటిసారి కూలర్ బిగించింది ఈయన కాదు, నేను. పొర తీయనిది నేను."

కౌంటర్ దగ్గర ఆమె తండ్రి రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు.

ఆమె అతని వైపు తిరిగింది. "అబద్ధం ఎందుకు చెప్పారు?"

"షాపు పేరు పోతుందని."

"షాపు మాది. పేరు పోతే మాది పోతుంది. మధ్యలో మీకేం?"

"మీరు బాధపడతారని."

"నేను బాధపడితే మీకేమిటండీ?"

ఇంత సూటిగా అతను ఏ కంపెనీవాణ్ణీ ఎప్పుడూ నిలదీయలేదు. అద్దం ముందు నేర్చుకున్నవన్నీ ఎగిరిపోయాయి. "మీరంటే నాకు ఇష్టమండీ. ఎప్పట్నుంచో," అన్నాడు.

ఆమె కూలర్ మీద నుంచి చెయ్యి తీసింది.

"మరి నేను పొర ఎందుకు మరిచిపోయానో అడగరా?"

"ఎందుకండీ?"

"ఆ రోజు మీరు కోర్లనీ వోల్టేజీ అనీ ఏదో చెబుతున్నారు. నేను వింటున్నానని అనుకున్నారు. ఒక్క ముక్క వినలేదు. మిమ్మల్ని చూస్తున్నాను. చేతులు వాటి మానాన అవి ఏం చేశాయో నాకు తెలీదు." చెప్పాక ఆమె తల దించుకోలేదు.

జనం ప్రాసెసర్‌ను పూర్తిగా మరిచిపోయారు. "ఉష్ణోగ్రత మళ్లీ పెరుగుతోంది," అని ఒకడు రాశాడు.

అంతలో అతని ఫోన్ మోగింది. అమ్మ.

"అమ్మా, లైవ్‌లో ఉన్నాను."

"తెలుసురా, చూస్తున్నాగా! ఆ అమ్మాయికివ్వు."

స్పీకర్ నొక్కి ఇచ్చాడు. "నమస్కారమండీ," అంది ఆమె.

"అమ్మా, వీడికి బుద్ధి తెలిశాక ఒక్కటంటే ఒక్కటి బాగుందని అనలేదు. నా చేతి వంటకే వంకలు పెడతాడు. నీలో వీడికి ఏ వంకా కనిపించలేదా? అడుగు, ఇప్పుడే అడుగు. తర్వాత అనుకుని లాభం లేదు."

ఆమె అతని వైపు చూసింది. "మీ అమ్మగారు అడుగుతున్నారు. నాలో ఏం వంక కనిపించింది?"

అతను ఆలోచనలో పడ్డాడు. ఈ మనిషి ఇప్పుడు కూడా నస పెడతాడేమోనని చూసేవాళ్లంతా రాయడం ఆపేశారు.

"అందరూ మీ చేతిలో తప్పు జరగదంటారు. ఇక్కడికొచ్చిన ప్రతిసారీ నాకు అదే భయంగా ఉండేది. ఏ తప్పూ లేని మనిషికి నేనేం నచ్చుతానని," అన్నాడు. "నిన్న ఆ పొర చూశాక కూడా కారణం నేనని అనుకోలేదండీ. అనుకుని ఉంటే ఆ పొర పారేసేవాణ్ణే కాదు, అలాగే దాచుకునేవాణ్ణి."

ఆమె నవ్వింది. నవ్వు ఆపుకుంటూ ఫోన్‌లో, "వంక కనిపించిందటండీ. అదే నచ్చిందట," అని చెప్పింది.

ఆమె తండ్రి లేచి వచ్చాడు. ముందు కెమెరా ఆపేశాడు. ఇన్నాళ్లూ కౌంటర్ అవతలే నిలబెట్టిన మనిషిని చెయ్యి పట్టుకుని ఇవతలికి తీసుకొచ్చి, తన కుర్చీ చూపించాడు.

"కూర్చో బాబూ," అన్నాడు. "అమ్మాయ్, ఫోను ఇలా ఇవ్వు. పెద్దవాళ్లం మాట్లాడుకుంటాం."