ఊయల పక్కన గరుకు

కట్టని ఇళ్లకు ఫొటోలు తీయడం నా పని. కొలతలు చూసి కంప్యూటర్‌లో గది కడతాను, కిటికీలోంచి వెలుతురు వేస్తాను. అది లెక్కలు కట్టి అచ్చం నిజం గదిలాంటి బొమ్మ ఇస్తుంది. లెక్క తేలని చోట ఇసుక చల్లినట్టు చుక్కలు మిగులుతాయి. దాన్నే మేం గరుకు అంటాం. మెషిన్‌కి సత్తా ఉంటే గరుకు పోతుంది. లేకపోతే నా ప్రాణం పోతుంది.

నా పాత మెషిన్ చెల్లి కొత్తింటి దగ్గర మొరాయించింది. పసిపాపతో వాళ్లు ఆ ఇంట్లోకి మారబోతున్నారు, పాప గది నేనే గీశాను. గదంతా అద్దంలా వచ్చింది, ఊయల పక్క మూల తప్ప. అక్కడ నిలువుగా ఒక గరుకు మచ్చ. దీపాలు మార్చాను, గోడ రంగు మార్చాను, మచ్చ మాత్రం కదలదు. బయటి పనులన్నీ వెనకపడ్డాయి.

కొత్తది కొందామంటే తలా ఒక మాట. ఒకడు ప్రాసెసరే ముఖ్యమంటాడు, ఇంకొకడు గ్రాఫిక్స్ కార్డు లేనిదే బతుకే లేదంటాడు. మా ఆయనైతే "డబ్బా నల్లగా ఉండకూడదు, దుమ్ము కనబడుతుంది" అన్నాడు. విని విని తల బొప్పి కట్టింది. చివరికి ఆ పాప గది ఫైలే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని షాపుకెళ్లాను. దీన్ని శుభ్రం చేసిన మెషినే కొంటాను, అంతే.

షాపు వెనక గదికి కిటికీల్లేవు. కొత్త ప్లాస్టిక్ వాసన, ఏసీ చలి, ఫ్యాన్ల సన్నటి హోరు. అక్కడి సేల్స్‌మన్‌కి మనసులోనే 'ఇంకొంచెం' అని పేరు పెట్టేశాను. ఏది చూపించినా "ఇంకొంచెం పెట్టుకుంటే మేడం..." అంటూ పైదాని దగ్గరికి లాక్కుపోతాడు.

మొదటి మెషిన్‌లో మచ్చ పోలేదు, అంచులు తేలాయి. భుజాల్లా ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది.

"ఇంకొంచెం పెట్టుకుంటే మేడం..."

రెండోదాంట్లో నడుం దాకా జుట్టు కనిపించింది.

ఫైలు తెరిచి మూలమూలా వెతికాను. ఊయల, పరదా, గోడ దీపం. మనిషి బొమ్మ అందులో లేదు. నేను పెట్టలేదు.

"మీ మెషిన్‌లో ఏదో చెత్త ఉందండీ!" అని కసిరాను.

"ఫైల్లో ఉన్నదే చూపిస్తుంది మేడం" అన్నాడు నొచ్చుకుంటూ.

మూడోది ఆ షాపులోకెల్లా పెద్దది. బొమ్మ పైనుంచి కిందికి తేటపడుతూ వచ్చింది. కిటికీ... పరదా... ఊయల... ఒక్క చుక్క గరుకు లేదు.

మూలలో ఒకామె. తడి జుట్టు. మాకు వీపు పెట్టి, ఊయల మీదికి వంగి ఉంది. ఒక చెయ్యి ఊయల అంచు మీద...

ఫ్యాన్ల హోరు ఆగిపోయింది. 

'ఇంకొంచెం' గొంతు తగ్గించాడు. "మేడం... మొదటి దాంట్లో ఈమె గోడ వైపు తిరిగి లేదూ?"

నేను పెన్‌డ్రైవ్ వైపు చెయ్యి చాపాను.

"ఒక్కో మెషిన్‌కీ కాస్త కాస్త ఊయల వైపు తిరుగుతోంది. గోడౌన్‌లో ఇంకా పెద్దదొకటి ఉంది... తెప్పించనా?"

పెన్‌డ్రైవ్ లాక్కుని బయటికి పరుగెత్తాను. ఎండ కళ్లలో పడింది. చెల్లికి ఫోన్ చేశాను. ఆ ఇంట్లోకి వెళ్లొద్దని చెప్పాలి. ఏం కారణం చెప్పాలో తెలియలేదు, ఏదో ఒకటి చెప్పాలి.

"అక్కా! నీకే చేద్దామనుకుంటున్నా. ఆయనకి సెలవు దొరికిందని పొద్దున్నే కొత్తింట్లోకి వచ్చేశాం. పాప ఊయల్లో పడుకుంది. ఫొటో పంపా, చూశావా? దిక్కుమాలిన ఫోను, ఎన్నిసార్లు తీసినా ఒక్కచోట మసక మసగ్గా పడుతోంది."

ఫొటో తెరిచాను. మూల శుభ్రంగా ఉంది. గరుకు ఊయల మీదికి వచ్చేసింది.

"ఒసేయ్... పాపని ఎత్తుకుని బయటికి రా. ఇప్పుడే రా."

"ఏమైందే నీకు? గంట ఊపితే ఇప్పుడే పడుకుంది. లేపావో, నీ పని చెప్తా. ఉండు, ఆయన కొత్త ఫోన్ తెచ్చారు. కెమెరా చాలా మంచిదట. దాంతో తీసి పంపుతా."

"తియ్యొద్దు! పాపని ఎత్తుకో..."

పెట్టేసింది.

మళ్లీ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. చేతిలో ఫోన్ టింగుమంది.

ఫొటో పైనుంచి కిందికి తెరుచుకోవడం మొదలైంది. కిటికీ... పరదా...