మహిమ వేపిన పొడి

వేపనిదే మహిమ ఏ పొడీ దంచదు. ఉద్దిబేడలైనా ఎండుమిరపకాయలైనా పెనం మీద చిటపటమనాల్సిందే. ఆ శుక్రవారం పొద్దున అటక మీది డబ్బాలో నలిగిన ఎండుటాకు దొరికింది. మునగాకనుకుంది. అత్త మోకాళ్లకు మంచిదని నూనె పోసి వేపింది. వాసన కాస్త తేడాగా అనిపించినా తెల్లగడ్డ ఘాటు ఆ తేడాను మింగేసింది.

"శానా బాగుండాది పొడి. నువ్వూ ఇంత తినవే," అంది రాహేలమ్మ, వేడి సంగటి ముద్దలో గుంట చేస్తూ.

"నాకీ పొద్దు ఉపవాస ప్రార్థన అత్తా. నా వంతు కూడా నువ్వే తిను."

"అట్లయితే నీ ప్రార్థనలో సగం నాకు."

గంటన్నర దాకా ఏమీ కాలేదు. తర్వాత రాహేలమ్మ గోడను చూసి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూనే గుండె పట్టుకుంది. "గుండె పరిగెత్తుతాండాది, ఎవరన్నా పట్టుకోండి," అని లేవబోయి కూలబడింది.

రాత్రి షిఫ్టు చేసొచ్చి పడుకున్న వసంతకుమార్ తల్లిని ఎత్తుకుని ఆటో ఎక్కించాడు. తల్లికి నీళ్లకోసం వంటింట్లోకి వచ్చినవాడికి కడిగి బోర్లించిన అటక మీది డబ్బా కనిపించింది. తలెత్తి అటక వైపు చూశాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది. "ఏం తినింది?"

"సంగటి, మునగాకు పొడి మేడమ్. అంతే," అంది మహిమ.

"పక్షవాతమేమో తెలియడం లేదు. స్కానింగుకు కడప పంపించాలి."

మంగంపేట ముగ్గురాయి గనిలో పన్నెండేళ్లుగా లోడింగు చేస్తున్న వసంతకుమార్‌ను ఎవరూ ముగ్గులోకి దించలేకపోయారు. నడుము నొప్పి ఒక్కటే దించింది. చెప్తే ఉద్యోగం పోవచ్చు. చెప్పకపోతే తల్లి పోవచ్చు.

"మేడమ్, అది మునగాకు కాదు. గంజాయి. తెచ్చింది నేను."

మహిమ మొగుడి వైపు తిరిగింది. వసంతకుమార్ ఆగలేదు. "నడుం నొప్పికని తోటి పనోడు చెప్తే తెచ్చినా. అట్లే బెల్లంలో కలిపి నాలుగు దినాలు మింగినా. నొప్పీ పోలా, మత్తూ రాలా. ఉత్త గడ్డి అనుకొని అటకన పడేసినా."

"వేపకుండా మింగితే దాంట్లో మత్తు నిద్రలోనే ఉంటుంది. వేడి తగిలితేనే మేలుకుంటుంది. నూనె తోడైతే ఒంటికి ఇంకా బాగా పడుతుంది. తిన్న గంటకో రెండు గంటలకో గానీ తెలియదు," అంది డాక్టరమ్మ. "చెప్పి మంచిపని చేశావు. ఇక ఏం చూసుకోవాలో మాకు తెలుసు."

వరండాలో మహిమ మొగుడికి ఎదురుగా నిలబడింది.

"నొప్పి ఎన్నాళ్లనుంచి?"

"రెండేండ్లు."

"రెండేండ్లు పక్కలో పండుకుండేది నేనా, ఆ తోటి పనోడా?"

"చెప్తే పని మానమంటావని."

"పెండ్లాం మొగుణ్ణి వేపుకు తింటాదంటారు. నువ్వు నోరు మూసుకొనే నన్ను వేపినావు కదయ్యా. నీ నోటి మీద మూత తీసింటే నేను ఆ డబ్బా మూత తీసేదాన్ని కాదు."

అతడు పక్కకు తప్పుకోబోయాడు. ఆమె వెనక్కి తగ్గలేదు. "సోమవారం కడపకు పోతాండాం. నడుం చూపిస్తాండాం. గనోళ్లు ఏమన్నా అననీ. నేనుండా."

సాయంత్రానికి రాహేలమ్మ తేరుకుంది. "ఏం పొడి పెట్టినావే మహిమా, పోయిన మీ మామ వచ్చి ఎదురుగా కూచున్నట్టుండె," అని నవ్వింది. మహిమ నోరు తెరిచేలోపే వసంతకుమార్ మంచం పక్కన కూర్చుని జరిగిందంతా తల్లికి చెప్పాడు.

రాహేలమ్మ తిట్టలేదు.

"మీ నాయనా అంతే. కడుపునొప్పి ఎవరికీ చెప్పలా. చెప్పేనాటికి డాక్టర్లకు చేసేదేం మిగల్లా." సూది గుచ్చిన చెయ్యి మెల్లగా జరిపి కొడుకు వీపు మీద పెట్టింది. "ఈడేనా?"

"ఏం లేదులేమ్మా," అనబోయాడు. ఎదురుగా మహిమ చూస్తోంది.

"ఇంకొంచెం కిందమ్మా," అన్నాడు. తల్లి వేళ్లు సరిగ్గా అక్కడ ఆగాయి. రెండేళ్లలో మొదటిసారి "అబ్బా" అని పైకి మూలిగి, ఆమె పక్కమీద తల వాల్చి ఏడ్చాడు.