ఒళ్లోనా, పొత్తిల్లోనా

“ఒళ్లోనాండీ, పొత్తిల్లోనాండీ?”

కండక్టరు సత్తిబాబు రోజూ ఉదయం అడిగే ప్రశ్నే అది. చంటిపిల్లతో ఎక్కే ప్రతివారినీ అడిగి తీరాలి. మూడేళ్లలోపు పిల్లల్ని ఒళ్లో పెట్టుకోవాలో, పొత్తిలిలో పడుకోబెట్టాలో తేల్చుకునే హక్కు తల్లిదండ్రులది. తేల్చుకున్న మాట నోటితో చెప్పాల్సిన బాధ్యతా వాళ్లదే.

“పొత్తిల్లో,” అంది వకుళ.

పొత్తిలి ఆమె చేతిలోనే వేలాడుతోంది. అందులో పద్నాలుగు నెలల హేల కళ్లు తెరిచి ఆకాశం చూస్తోంది.

“కనపడతానే ఉందండి. మీ నోటంట అనిపించకపోతే నా ఉజ్జోగం ఊడుద్దండి, ఆయ్,” అన్నాడు సత్తిబాబు, పక్కకు జరిగి దారి ఇస్తూ.

అమలాపురం రేవులో తూనీగ రెక్కలు అప్పటికే తిరుగుతున్నాయి. కోనసీమ రోడ్లు ఉప్పునీటిలో మునిగి ఒక తరం గడిచింది. ఇప్పుడు చేపలబుట్ట కదలాలన్నా, పెళ్లికూతురు కదలాలన్నా తూనీగే దిక్కు. పాతికమంది పట్టే ఈ గాలిబస్సులు లంక నుంచి లంకకు, లంక నుంచి రాజమండ్రికి పొద్దస్తమానం ఎగురుతుంటాయి. వకుళ రాజమండ్రి కంటి ఆసుపత్రిలో అద్దాలు అమర్చే పని చేస్తుంది. పాపను అక్కడి శిశుశాలలోనే ఉంచుతుంది. పోను ఒకసారి, రాను ఒకసారి ఎగరాలి.

ఆమె పొత్తిలిని సీటు పక్కనున్న గాడిలోకి తోసింది. టక్కుమని కూర్చుంది. కోడిగుడ్డును నిలువునా కోసినట్టుండే తొట్టి అది. లోపల ఊపిరి మెత్తలు. బిడ్డ కదిలితే అవీ కదులుతాయి. తూనీగ ఒరిగితే, ఒరిగినట్టు బిడ్డకు తెలిసేలోపే ఆ వైపు ఉబ్బి పట్టుకుంటాయి. వకుళ ఏడో నెల కడుపుతో ఉన్నప్పుడు, లంకల మీద ఒక తూనీగ గాలిగుంటలో పడింది. తల్లి ఒళ్లోని పసివాడు ఎగిరి పైకప్పుకు కొట్టుకున్నాడు. ఆ వార్త చూసిన రోజే వకుళ పొత్తిలి కొనిపించింది. అందులో ఆలోచించడానికి ఏముంది?

తర్వాత జరిగినదంతా సౌకర్యం కోసం జరిగింది. గాడిలోంచి తీసి పిడి పట్టుకుంటే పొత్తిలి ఇంటికి వస్తుంది. ఇంట్లో భోజనాల బల్ల దగ్గర దానికో స్టాండు. శిశుశాలలో వరసగా స్టాండ్లు. పొత్తిల్లో పిల్లలు ఏడవరు, ఎత్తుకోమని మారాం చేయరు. అందరిళ్లలోనూ అంతే.

ఎదుటి సీటులో ఆడపడుచు రమణి కూర్చుని ఉంది. వకుళ భర్త యశోధర్‌కు అక్క ఆమె. కడియం నర్సరీల్లో ఉప్పును తట్టుకునే మొక్కలు పెంచుతుంది. రెండేళ్ల లిఖిత్ ఆమె ఒళ్లో నిలబడి జుట్టు పీకుతున్నాడు. ఈ తూనీగలో పిల్లను ఒళ్లో పెట్టుకునేది ఆమె ఒక్కతే.

పక్క వరసలోని పెద్దావిడ ఆ రోజూ ఊరుకోలేదు. “ఏమ్మా, పిల్లాడంటే అంత విసుగొచ్చేసిందా? గాల్లోకి వదిలేద్దామనా?”

“విసుగొచ్చిన్నాడు మీ ఒళ్లో పడేస్తాలెండి. మీరు జాగరత్తగా చూసుకుంటారు,” అంది రమణి.

రాజమండ్రిలో దిగాక పొత్తిలి పిడి బిగుసుకుపోయింది. వకుళ దాన్ని సరిచేసుకుంటుంటే రమణి హేలను తీసి చంకన వేసుకుంది. రెండో చంకన లిఖిత్. భుజం మీంచి సంచి జారుతోందని హేల నడుం మీదున్న చెయ్యి ఒక్క క్షణం తీసింది. హేల జారిపోయింది. రమణి మోకాలు అడ్డం పెట్టి పట్టుకుంది.

“ఇదేంటే వకుళా, పిల్ల పట్టుకోదేం?”

“ఇప్పుడే లేచింది కదండీ వదినా. మత్తులో ఉంది.”

“మత్తేం కాదు. చంకన వేసుకుంటే ఏ పిల్లైనా కాళ్లు చుట్టేస్తది. జాకెట్టు పట్టుకు లాగేస్తది. ఇది చిలక్కొయ్యకి తగిలించిన చొక్కాలా వేలాడతంది చూడు.”

వకుళ హేలను తీసుకుని తన చంకన వేసుకుంది. పాప కాళ్లు నిటారుగా కిందికి వేలాడాయి. చేతులు గాల్లో ఉన్నాయి. ముఖం ప్రశాంతంగా ఉంది. శిశుశాలకు వెళ్లాక, ఎవరూ చూడకుండా వకుళ మరో ఇద్దరు పిల్లల్ని ఎత్తుకుని చూసింది. వాళ్లూ అంతే.

ఆ సాయంత్రం భర్తకు చెప్పింది. యశోధర్ సముద్రపు గోడ మరమ్మతుల్లో ఇంజనీరు. అక్క మాటలకు బెంబేలు పడొద్దని, నడకొస్తే అన్నీ అవే వస్తాయని అన్నాడు. వకుళ తృప్తిపడలేదు. రేపటి నుంచి పాపను ఒళ్లోనే పెట్టుకుంటానంది.

యశోధర్ తింటున్న చెయ్యి ఆగింది. “ఇంట్లో ఎత్తుకో. ఎంతసేపైనా ఎత్తుకో. ఆకాశంలో వద్దు. గాలిగుంటలో పడ్డప్పుడు నీ చేతుల్లో బలం చాలదు వకుళా. ఎవరి చేతుల్లోనూ చాలదు.”

అతను చెప్పింది నిజమే. వకుళ ఒప్పుకుంది. ఇంట్లో ఎత్తుకోవాలనుకుంది. పొయ్యి మీద కూర ఉండేది, బట్టలు ఉండేవి, పక్కనే స్టాండులో పొత్తిలి ఉండేది. వారం గడిచిపోయింది.

శ్రావణమాసపు మధ్యాహ్నం, తిరుగు ప్రయాణంలో తూనీగ గౌతమి పాయ మీద గాలిగుంటలో పడింది. ఒకటి కాదు, వరసగా. కుడి రెక్క విరిగింది. చోదకుడు దాన్ని నీటి మీదకు దించగలిగాడు. దించాడనడం కంటే కొట్టాడనాలి.

తల తిరుగుడు తగ్గాక వకుళ మొదట చూసింది పొత్తిలినే. మెత్తలన్నీ ఉబ్బి హేలను పత్తిలో గింజలా పట్టుకున్నాయి. పాప ఒంటి మీద గీత కూడా లేదు. తూనీగలో పొత్తిళ్లలో ఉన్న ఏ బిడ్డకూ దెబ్బ తగల్లేదు. రమణి చెయ్యి మోచేతి దగ్గర వేలాడుతోంది. లిఖిత్ నుదురు చీలి ముఖమంతా రక్తం.

నీళ్లు కాళ్లను తాకాయి. పొత్తిలికి తడి తెలిసింది. దాని మెత్తలు ఒక్కసారిగా గాలి వదిలేశాయి, మూత తెరుచుకుంది, మెత్తని గొంతు పలికింది: “బిడ్డను ఎత్తుకోండి.” తూనీగంతా అదే గొంతు, అవే మాటలు. తయారుచేసినవాళ్లు దీని గురించి కూడా ఆలోచించారు.

పక్క తలుపులు నీటిలో ఉన్నాయి. పైకప్పు తలుపు ఒక్కటే దారి. దానికి నిటారుగా ఇనప నిచ్చెన. సత్తిబాబు పైకెక్కి బోర్లా పడుకుని లోపలికి చేతులు చాచాడు. “రెండు చేతుల్తో పట్టుకుని ఎక్కండమ్మా. జారతంది. రెండు చేతుల్తో.”

రమణి ముందు ఎక్కింది. ఆమెకు పనిచేసేది ఒక్క చెయ్యే. లిఖిత్‌ను ఆమె పట్టుకోలేదు. వాడే ఆమెను పట్టుకున్నాడు. మెడ చుట్టూ చేతులు, నడుం చుట్టూ కాళ్లు, ఆమె పమిట నోట్లో కుక్కుకుని, రక్తం కారుతున్న ముఖంతో అలా అంటుకుపోయి పైకి వెళ్లిపోయాడు.

వకుళ హేలను చంకన వేసుకుంది. ఎడమ చేత్తో పాపను పొదివి పట్టుకుని కుడి చేత్తో రెండు మెట్లు ఎక్కింది. మూడోదానికి చెయ్యి అందాలంటే కింది మెట్టు మీద ఎడమ చెయ్యి ఉండాలి. తూనీగ ఊగుతోంది. వెనక నీళ్లు, మనుషులు, తోపులాట.

“పిల్లని వదిలి మెట్టు పట్టుకోమ్మా. చంకనుందిగా, అదే పట్టుకుంటది,” అన్నాడు సత్తిబాబు పైనుంచి.

ఆమె వదిలింది.

హేల జారడం మొదలుపెట్టింది. తొందరేమీ లేకుండా, నడుం మీంచి, తొడ మీంచి. ఆ ముఖంలో భయం లేదు. పాప తల్లి వైపు చూస్తోంది, ఏదో ఒకటి ఉబ్బి తనను పట్టుకుంటుందని ఎదురుచూస్తున్నట్టు. పుట్టిందగ్గర్నుంచీ అలాగే జరిగింది మరి.

వకుళ వంగి గౌను మెడ దగ్గర పళ్లతో పట్టుకుంది. బట్ట చిరుగుతున్న చప్పుడు చెవిలో వినబడింది. దవడ కీలు కదిలింది. ఆమె రెండు చేతులతో మెట్లు పట్టుకుని, పిల్లను నోట కరుచుకుని పైకెక్కింది. సత్తిబాబు ఇద్దర్నీ కలిపి లాగేశాడు.

పడవలు వచ్చి అందర్నీ ఒడ్డుకు చేర్చాక లెక్క తేలింది. పెద్దవాళ్లంతా ఉన్నారు. పొత్తిళ్లలోని పిల్లల్లో ఇద్దరు లేరు. ఆ ఇద్దరి తల్లులూ ఏడవడం లేదు. ఒకామె చెయ్యి ఇంకా పిల్లను చంకన వేసుకున్నట్టే వంగి ఉంది. వకుళ ఆమె వైపు చూసింది, చూపు తిప్పుకుంది. తనలో ఏమీ కదల్లేదు. దవడ నొప్పి కూడా వేరెవరిదో అనిపించింది.

విచారణ చేసినవాళ్లు పొత్తిల్లో ఏ లోపమూ లేదని తేల్చారు. అదీ నిజమే. ఇకమీదట పిల్లను తల్లికి కట్టేందుకు పట్టీ ఒకటి చేరుస్తామన్నారు. ఆసుపత్రిలో పిల్లల డాక్టరు మాత్రం తల్లులందరినీ పిలిచి ఇంకో మాట చెప్పింది. పట్టు పుట్టుకతో వస్తుందట. అవసరం లేకపోతే పోతుందట. మళ్లీ రప్పించాలంటే అవసరం కల్పించాలట. దానికి ‘పట్టుపాఠం’ అని పేరు పెట్టింది. పరుపు పరిచి, దాని పక్కన నిలబడి, పిల్లను చంకన వేసుకుని చెయ్యి తీసేయడమే పాఠం.

ఆ వర్షాకాలమంతా సాయంత్రాలు లంకల్లో ఇళ్లలో అదే పని. ఒక చప్పుడు, కాసేపు ఆగి మరో చప్పుడు.

హేల మొదట్లో పరుపు మీద పడి నవ్వేది. ఆటనుకుంది. తర్వాత నవ్వడం మానేసింది. వకుళ ఎత్తుకునేది, చెయ్యి తీసేది, పాప పడేది. వకుళ మళ్లీ ఎత్తుకునేది. యశోధర్ చూడలేక వరండాలోకి వెళ్లిపోయేవాడు. ఒకరోజు అక్కణ్ణుంచే, ఇంక చాలన్నాడు. వకుళకు వినబడింది. అయినా ఆపలేదు.

ఒక సాయంత్రం, చేతికి కట్టుతో రమణి వచ్చి కూర్చుని ఉంది. వకుళ చెయ్యి వదులు చేసింది. భుజంలో గోళ్లు దిగాయి. చిన్న కాళ్లు రెండూ నడుం చుట్టూ బిగుసుకున్నాయి. హేల వేలాడింది, పడలేదు.

“హమ్మయ్య, పట్టింది. పట్టేసిందే వకుళా,” అంది రమణి. ఆమె కళ్లలో నీళ్లు.

వకుళ కూతురి ముఖం చూద్దామని తల వంచింది. హేల తన ముఖం చూడటం లేదు. చెయ్యి వైపు చూస్తోంది, మళ్లీ ఎప్పుడు వదిలేస్తుందోనని. వకుళ ఆ చేత్తో వీపు నిమరబోతే పాప బిగుసుకుపోయింది.

ప్రమాదం తర్వాత పెట్టిన సెలవు అయిపోయింది. ఆసుపత్రి రమ్మంది. వెళ్లాల్సిన రోజుకు ముందు సాయంత్రం యశోధర్, ఈసారి తనే, పొత్తిలి వద్దన్నాడు. పట్టుకోవడం వచ్చిందిగా, ఒళ్లోనే తీసుకెళ్లమన్నాడు.

“లిఖిత్ నుదురు చూశారు కదా,” అంది వకుళ. “వాడు పట్టుకునే ఉన్నాడు. వదినా పట్టుకునే ఉంది. అయినా పగిలింది. కింద పడేటప్పుడు పొత్తిలి కావాలండీ. పడ్డాక పట్టు కావాలి. రెండూ కావాలి.”

ఆమె మాటలో తప్పు లేదు.

మర్నాడు అమలాపురం రేవులో జనం తక్కువగా ఉన్నారు. తూనీగ కొత్తది, పొత్తిలీ కొత్తదే. సత్తిబాబు ఈసారి ఆమెను ఏమీ అడగలేదు, చూసి తల ఊపాడు. వకుళ సీటు దగ్గరకు వెళ్లి పొత్తిలిని గాడిలో బిగించి, మూత తెరిచి, హేలను అందులోకి దించబోయింది.

హేల వదల్లేదు. కాళ్లు తొట్టి అంచుకు తన్నిపెట్టి, రెండు గుప్పిళ్లతో జాకెట్టు పట్టుకుంది. ఊపిరి మెత్తలు ఉబ్బి పాపను మెల్లగా లోపలికి పిలుస్తున్నాయి. పాపకు అలవాటైన మెత్తదనమే. అయినా పాప వాటివైపు వీపు తిప్పి తల్లి రొమ్ముకు అతుక్కుపోయింది. నోరు తెరిచింది కానీ ఏడుపు రాలేదు.

“టైమైపోతందండి,” అన్నాడు సత్తిబాబు నెమ్మదిగా, ఎటో చూస్తూ.

వకుళ సీటు ముందు మోకాళ్ల మీద కూర్చుంది. కూతురి కుడి గుప్పిటలోంచి బొటనవేలు విడదీసింది. తర్వాత దాని పక్కది. ఒకటి తీస్తుంటే ఇంతకుముందు తీసింది మళ్లీ వచ్చి పట్టుకుంటోంది. అన్నింటినీ కలిపి తన అరచేతిలో అదిమిపెట్టి, రెండో గుప్పిట మొదలుపెట్టింది. చిటికెన వేలు చాలా చిన్నది. దాని బలం చూసి ఆమెకు ఆశ్చర్యం కలిగింది.

దాన్ని కూడా విడదీసింది. మూత మూసుకుంది. తూనీగ సమయానికే లేచింది.