మిగులు పద్నాలుగు

పొట్టి సైకిల్ సవారీలన్నింటికీ వేలిముద్ర వేసేసి, చివరగా ఉన్న ఒక్క పొడవు సవారీ దగ్గర నూకరత్నం చెయ్యి ఆగింది.

రైడరు పోలినాయుడు. దారి భీమిలి షెడ్డు నుంచి పాడేరు కొండ ఆసుపత్రికి, నూటయాభై కిలోమీటర్లు. బరువు ఇన్సులిన్ చలిపెట్టె. ఆరు వారాల సగటు శ్రమ, అంటే సత్తువ, తొంభై రెండు. ఏడు రోజుల సగటు, అంటే అలుపు, డెబ్భై ఎనిమిది. సత్తువలోంచి అలుపు తీసేస్తే మిగులు పద్నాలుగు. రైడర్ల శ్రమని లెక్కగట్టే యంత్రం, త్రాసు, ఆ అంకె చుట్టూ పచ్చరంగు పూసి, ఇక వేలు పెట్టమ్మా అన్నట్టు మినుకుమంటోంది.

మోటార్లు ఆగిపోయాక కొండమీదికి మందు ఎక్కేది సైకిల్ తొక్కే మనుషుల కాళ్ళ మీదే. ఏ కాళ్ళు ఎక్కగలవో త్రాసు తేలుస్తుంది, ఆ లెక్క చదివి భారపాఠకురాలు ముద్ర వేస్తుంది. పోయిన నెల ఎర్రయ్య తొమ్మిదో మలుపులో గుండె ఆగి పడిపోయాడు. అతని మిగులు పదహారు, పచ్చరంగే. దాని కింద ఉన్న ముద్ర నూకరత్నానిది. అప్పటి నుంచి ఆమెకి రైడర్లంటేనే అనుమానం. ఎర్రయ్య తన నాడిపట్టీని ఇంకెవరి చేతికో కట్టి దొంగ విశ్రాంతి సంపాదించాడని గట్టిగా నమ్మింది. అలా నమ్మితే తప్ప ఆమెకి కంటిమీదికి కునుకు రాలేదు.

పోలినాయుడు హెల్మెట్ చంకలో పెట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు. ఆమె గ్లాసు నిండా నీళ్ళు పోసి అందించింది. త్రాసు రాకముందు షెడ్డులో అలుపు చూసే పద్ధతి అది. మోకాళ్ళు సగం వంచి, చెయ్యి చాచి, గ్లాసు పట్టుకుని వంద లెక్కపెట్టాలి.

"ఏటక్కా, పొద్దున్నే ఈ పరీచ్చలు?"

"పట్టు ముందు."

నలభై దాటకుండానే నీళ్ళు అతని చెప్పుల మీద పడ్డాయి. మిగులు పద్నాలుగున్న మనిషి తొడలు అలా వణకవు.

"నిజం చెప్పు నాయుడూ. పట్టీ ఎవులి చేతికి కట్టినావు?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటాడేమోనని చూసింది. అతను తడుముకోలేదు, మండిపడ్డాడు.

"నన్ను దొంగని చేసీసినావా? స్నానానిక్కూడా ఇప్పనేదు. ఎర్రయ్య మావ పోయినకాణ్ణించి నాకు భయం."

"మరి అలుపు ఇంత తక్కువేటి?"

"తక్కువేటి! ఆదివారం కొత్తవలస ఎల్లొచ్చినాను. ఐదు గంటలూ ఎదురుగాలి. తొడలు ఇంకా పట్టీసున్నాయి."

"అలాగైతే ఇవాళ ఎందుకు బయల్దేరినావు?"

"పచ్చరంగు అంటున్నాది కదా. నానేటి చదువుకున్నానా? నువ్వు చదివినావు."

ఆ మాట ఆమెకి సూటిగా తగిలింది. పై గీతలు పక్కకి నెట్టి, అడుగున పట్టీ పంపిన ముడి కొలతలు తెరిచింది. ఆదివారం సవారీ అక్కడే ఉంది. పక్కన చిన్న అక్షరాలతో 'కొలత దోషం, తొలగింపు' అని ఉంది. దాన్ని తిరిగి కలిపితే సత్తువ తొంభై తొమ్మిది, అలుపు నూటపద్దెనిమిది. మిగులు సున్నాకి పందొమ్మిది దిగువ. ఎర్రయ్య పాత పుట తెరిచింది. చివరి రెండు వారాల్లో ఆరు సవారీలు, అన్నీ బరువైనవే, అన్నీ దోషమని తీసేసినవే. రైడర్లు తగ్గేకొద్దీ దారులు తగ్గించాల్సింది పోయి, త్రాసు అలుపుని తగ్గిస్తోంది. చనిపోయినవాడిని నెలరోజులపాటు దొంగ అనుకున్నందుకు ఆమెకి ఏడుపొచ్చింది.

ముద్ర వేయకపోతే పెట్టె కదలదు. కొండమీద పిల్లలకి రేపటిదాకానే మందుంది. వేస్తే పోలినాయుడు ఘాట్ ఎక్కాలి. ఒక పెట్టెకి ఒకే రైడరు, పెట్టె తాళం ఎరిగింది ఒకే పట్టీని. దారిలో చేతులు మారే అంచె అన్న మాటే త్రాసుకి తెలియదు.

నూకరత్నం ముద్ర వేసింది. ఫోన్ తీసి శృంగవరపుకోట షెడ్డులో చిట్టెమ్మకీ, అనంతగిరిలో జోగులుకీ పెట్టెని అంచెగా అందుకోమని చెప్పింది. వాళ్ళూ అలిసినవాళ్ళే, కానీ యాభై కిలోమీటర్లకి సరిపోతారు.

"నాయుడూ, కోట దాకానే తొక్కు. అక్కడ పెట్టెతోపాటు పట్టీ కూడా ఇప్పి చిట్టెమ్మకి కట్టు."

అతను ఆమెని ఎగాదిగా చూశాడు. "ఇందాక దీనికే కదక్కా నన్ను దొంగన్నావు?"

"అన్నాను. తప్పయిపోయింది. బేగి కదులు."

మధ్యాహ్నం రెండున్నరకి పెట్టె పాడేరు ఆసుపత్రిలో తెరుచుకుంది. రెండు నిమిషాలకి త్రాసు మీద అక్షరాలు మెరిశాయి. 'అసాధారణం. ఘాట్ మొదట్లోకన్నా చివరి మలుపులో నాడి నెమ్మది. సవారీ చేసింది పోలినాయుడేనా?' కింద రెండు గళ్ళు, అవును, కాదు.

ఇన్నాళ్ళూ ఆమె రైడర్లని అనుమానించింది. ఇప్పుడు త్రాసు వంతు వచ్చింది. అవును అంటే ఉద్యోగం నిలుస్తుంది. కానీ ఒక్క మనిషి ఇలా ఎక్కగలడన్న ఈ లెక్క రేపటి నుంచి అందరి కాళ్ళకీ కొలతై కూర్చుంటుంది. ఇంకో ఎర్రయ్య కోసం ఎంతోకాలం చూడక్కర్లేదు.

కాదు అని నొక్కింది.

'అయితే ఎవరు?' ఒక్క పేరు పట్టే గడిలో మూడు పేర్లు ఇరికించింది. 'కారణం?' అంది త్రాసు. ఎర్రయ్య ఆరు సవారీలనీ తారీఖులతో సహా అక్కడ పెట్టి, దోషమని తీసేసినవన్నీ అందరి లెక్కల్లోనూ తిరిగి కలపమని రాసింది. కింద ముద్ర గడి వెలిగింది. పోయిన నెల పచ్చరంగు కింద పెట్టిన ఆ వేలినే మళ్ళీ పెట్టింది.

తీసేసిన సవారీలు కలుపుకుని త్రాసు చాలాసేపు లెక్క కట్టుకుంది. కోట నుంచి తిరిగొచ్చిన పోలినాయుడు కిటికీ దగ్గర నిలబడి చూస్తుండగానే, షెడ్డు గోడ తెర మీద రేపటి పొడవు సవారీల పచ్చరంగులు ఒక్కొక్కటిగా ఆరిపోయాయి.