కరివేపాకు చెట్టు కాడ బాలింత

గవర్నర్‌పేటలో ఓ పిల్లల ఆసుపత్రి ఉంది. దాని వెనక మెట్ల పక్కన కరివేపాకు చెట్టు. ఎంత ఏపుగా ఉంటుందో... అయినా ఒక్క రెబ్బ కూడా ఎవరూ తుంచరు. క్యాంటీను బసవపున్నయ్య, అంత పిసినారి మనిషి, చారులోకి బజార్లోనే కొనుక్కొస్తాడు.

ఎందుకంటే — చీకటి పడ్డాక అక్కడ ఒక బాలింత నిలబడుతుందంట. తలకి గుడ్డ, చెవుల్లో దూది. చెట్టు మొదట్లో పాలు పోస్తుందంట. ఆమె పోసిందంటే, పైన అద్దాల బాక్సుల్లో ఉన్న పసిబిడ్డల్లో ఒకళ్ళు...

ఆయా శౌరమ్మ అంతవరకే చెప్పి ఆపేసింది.

"నీకెందుకులే నఫీసా, పచ్చి బాలింతవి. పాలు ఇచ్చేసి గబగబా వచ్చెయ్. అటు చూడబాకు."

నఫీసాది కంకిపాడు. నెలలు నిండకుండానే కూతురు పుట్టింది. బాక్సులో పెట్టారు. నోట్లో గొట్టం. ఎత్తుకోనివ్వరు, తాకనివ్వరు. తల్లి చెయ్యగలిగింది ఒక్కటే — పాలు పిండి, చిన్న సీసాలో పోసి, మెట్లెక్కి తలుపు దగ్గర ఇవ్వటం. సిస్టరు సీసా అందుకుంటే బిడ్డ బాగున్నట్టు. నఫీసాకి తెలిసిందల్లా అంతే.

ఆ రాత్రి సీసా చున్నీ కింద పెట్టుకుని బయల్దేరింది. మెట్ల దగ్గరకొచ్చేసరికి — చప్పుడు. సన్నగా... ఎండాకుల మీద ఏదో కారుతున్నట్టు.

చూడకూడదనుకుంది. చూసింది.

తలకి గుడ్డ. చెవుల్లో దూది. చెట్టు మొదట్లోకి వంగి ఉంది ఒకామె.

నఫీసా నోట్లో దువా సగంలోనే ఆగిపోయింది. బిడ్డ గుర్తొచ్చి, రెండడుగులు ముందుకేసింది.

"పొయ్యకమ్మా... నీ కాళ్ళు పట్టుకుంటా. మా పాప పైనే ఉంది."

ఆమె ఇటు తిరిగింది. నైటీ ముందంతా తడిసిపోయి ఉంది.

"మా బాబు సాయంత్రం పోయాడండీ," అంది మెల్లగా. "తెల్లారాక మావాళ్ళు మా ఊరు చల్లపల్లి తీసుకుపోతామన్నారు. పాలేమో ఆగట్లేదు. నలుగురి తొక్కుడులో పడకూడదంటారు కదా... అందుకని ఇక్కడ."

గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"వాడు లేడని దీనికెవరు చెప్తారు?"

దెయ్యం కాదు. మనిషే. ఇక భయం పోవాలి గదా — పోలేదు. ఇంకా ఎక్కువైంది. నఫీసా కుట్లు లాగుతున్నా మెట్లెక్కేసి తలుపు కొట్టింది.

సిస్టరు డయానా వచ్చింది. సీసా వైపు చూసింది గానీ... చెయ్యి చాపలేదు.

"ఇప్పుడు పాలు వద్దమ్మా. పాపకి కడుపు ఉబ్బింది. డాక్టరుగారు ఆపమన్నారు."

"మళ్ళీ ఎప్పుడు తేనండీ?"

"మేం చెప్తాంగా. వెళ్ళి పడుకో."

తలుపు మూసుకుంది.

నఫీసా ఎలా దిగిందో ఆమెకే తెలీదు. చెట్టు దగ్గర ఇప్పుడు ఎవరూ లేరు. మొదట్లో మట్టి ఒక్కటే తడిగా ఉంది. చేతిలో సీసా ఇంకా గోరువెచ్చగానే ఉంది. ఎందుకో మూత తీసింది. పోస్తే ఏమవుతుందో... దాచుకుంటే ఎవరు తాగుతారో...

వెనక అడుగుల చప్పుడు. ఆగిపోయింది.

ఎవరో కొత్త బాలింత. చేతిలో సీసాతో గోడకి అతుక్కుపోయి నిలబడింది.

"పొయ్యకమ్మా..." గొంతు వినీ వినపడనట్టుంది. "మా వాడు పైనే ఉన్నాడు."

నఫీసా ఇటు తిరిగింది. తలకి గుడ్డ. చెవుల్లో దూది.

పొయ్యనమ్మా, అని చెబుదామనుకుంది. మూత పెట్టబోయింది. సీసా ఒరిగింది —

ఎండాకుల మీద చప్పుడైంది.